తలంబ్రాలు పడగానే వీడియో ముద్దయిపోతోందా? ఫోన్‌లో ఉన్న క్లారిటీ యూట్యూబ్‌లో ఎక్కడ పోతోందంటే..

ఫోన్‌లో తీసినప్పుడు అద్దంలా ఉంటుంది. మిక్సింగ్ అయ్యాక కూడా బాగానే కనిపిస్తుంది. తీరా యూట్యూబ్‌లోనో ఇన్‌స్టాలోనో పెట్టి చూస్తే మొహాలకు మైనం పూసినట్టు, నీళ్లు ముద్దముద్దగా, చీర అంచులు చెదిరిపోయినట్టు కనిపిస్తాయి. 'కెమెరా బాలేదేమో' అనుకుని కొత్త ఫోన్ ఆఫర్లు వెతికేవాళ్లు చాలామందే ఉన్నారు. కాస్త ఆగండి. చాలాసార్లు తప్పు కెమెరాది కానే కాదు. తీసిన చోటు నుంచి చూసే చోటు దాకా ఆ వీడియోను ఎన్నిసార్లు కుదించారన్న దాంట్లోనే అసలు విషయం ఉంది.

పెనుగొండ నుంచి న్యూజెర్సీ దాకా..

పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండనే తీసుకుందాం. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఊరు. మాఘ శుద్ధ విదియ నాడు ఆత్మార్పణ దినం, వైశాఖ శుద్ధ దశమికి వాసవీ జయంతి. ఆ రోజుల్లో ఇక్కడ తీసే వీడియోల కోసం దేశవిదేశాల్లోని ఆర్యవైశ్య కుటుంబాలు ఎదురుచూస్తుంటాయి. వీటికి తోడు పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. డెల్టాలో ఏ ఊరు చూసినా ఇంటికొకరు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. రాలేనివాళ్లకు ఆ వీడియోనే ఫంక్షన్.

ఇప్పుడు అక్కడ ఫోన్‌లో తీసిన ఒక క్లిప్ ఎలా ప్రయాణిస్తుందో చూడండి. తీస్తున్నప్పుడే ఫోన్ దాన్ని ఒకసారి కుదించి దాచుకుంటుంది. ఆ క్లిప్‌ను వాట్సాప్‌లో మిక్సింగ్ చేసే కుర్రాడికి పంపిస్తారు.. రెండోసారి. అతను పాట కలిపి, పేర్లు వేసి ఎక్స్‌పోర్ట్ కొడతాడు.. మూడోసారి. 'పెద్దాయన ఓకే అనాలి' అని మళ్లీ వాట్సాప్‌లోనే పంపుతాడు.. నాలుగోసారి. ఆయన ఓకే అన్నాక, ఆయన ఫోన్‌లోకి దిగిన కాపీనే ఎవరో ఒకరు యూట్యూబ్‌లోకి ఎక్కించేస్తారు.. ఐదోసారి. న్యూజెర్సీలో మేనత్త దాన్ని పెద్ద టీవీలో పెట్టుకుని చూసి, 'ఏంట్రా ఇంత మసకగా ఉంది' అంటుంది. మసకగా కాక ఇంకెలా ఉంటుంది?

రేషన్ కార్డు జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్ తీయిస్తే ఫొటోలో మనిషి నల్లటి మరకలా తేలతాడు కదా. ఇదీ అంతే. ఒక తేడా ఏమిటంటే, వీడియోలో పోయింది పోయినట్టు వెంటనే తెలియదు. చిన్న ఫోన్ స్క్రీన్ మీద అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

అసలు కుదించడం అంటే ఏం చేస్తారు?

1080పీ వీడియోలో ఒక్క ఫ్రేమ్‌కి 1920 అడ్డం, 1080 నిలువు.. అంటే 20 లక్షలకు పైగా చుక్కలు. సెకనుకు 30 ఫ్రేములు. ఒక్కో చుక్క రంగు రాయడానికి 24 బిట్లు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తే సెకనుకు దాదాపు 149 కోట్ల బిట్లు కావాలి. కానీ 1080పీ, 30 ఫ్రేముల మామూలు వీడియోకు యూట్యూబ్ సూచించే అప్‌లోడ్ బిట్‌రేట్ 8 మెగాబిట్లు. అంటే సెకనుకు 80 లక్షల బిట్లే. లెక్క వేస్తే 180 రెట్లకు పైగా తగ్గించాలన్నమాట. తగ్గినా మన కంటికి బాగానే కనిపిస్తోందంటే అది సాఫ్ట్‌వేర్ తెలివి.

ఆ తెలివి ఎలా పనిచేస్తుందంటే.. మా స్టూడియోలో యాంకర్ వార్తలు చదువుతున్నారనుకోండి. వెనక గోడ కదలదు, టేబుల్ కదలదు. పెదాలు, కళ్లు, చేతులు మాత్రమే కదులుతాయి. సాఫ్ట్‌వేర్ ఒక ఫ్రేమ్‌ను పూర్తిగా దాచుకుని, తర్వాతి ఫ్రేములకు 'ఇదిగో ఇక్కడ మాత్రమే మారింది' అని రాసుకుంటుంది. గోడను మళ్లీ మళ్లీ రాయాల్సిన పని లేదు. అందుకే న్యూస్ బులెటిన్ తక్కువ బిట్లతోనూ బాగానే వస్తుంది.

ఇప్పుడు సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డున నిలబడి నీళ్లను తీయండి. ప్రతి అలా, ప్రతి మెరుపూ క్షణక్షణం మారుతుంది. పాత ఫ్రేమ్‌లో ఉన్నది కొత్త ఫ్రేమ్‌లో పనికిరాదు. అన్నీ మళ్లీ రాయాలి, రాయడానికి బిట్లు చాలవు. అప్పుడు సాఫ్ట్‌వేర్ చిన్న చిన్న వివరాలను వదిలేసి, చతురస్రాలుగా రంగు పులిమేస్తుంది. మనం 'ముద్దయింది' అనేది దాన్నే.

డెల్టాలో అందంగా కనిపించేదల్లా కుదింపుకు కష్టమైనదే. గాలికి ఊగే వరిచేను, కొబ్బరి ఆకులు, వర్షం, కాలువ మీద ఎండ. పెళ్లిలో అయితే తలంబ్రాలు. బియ్యం, ముత్యాలు, పైగా ఈ మధ్య రంగురంగుల థర్మోకోల్ బాల్స్ కూడా కలుపుతున్నారు. అవన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేస్తే ఫ్రేమ్‌లో సగం కొత్తదే. అందుకే జీలకర్ర బెల్లం ఘట్టంలో చక్కగా ఉన్న వధూవరుల మొహాలు తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి చెదిరిపోతాయి. ఊరేగింపులో పూలవాన, బాణసంచా పొగ.. ఇవీ అదే కోవ. కెమెరామన్ తప్పు అందులో లేదు. ఆ కాసేపటికి సరిపడా బిట్లు ఇవ్వలేదు, అంతే.

4కె పెడితే బాగుపడుతుందా?

చాలామంది చేసే పని ఇదే. క్లారిటీ పోతోందని ఎక్స్‌పోర్ట్‌లో 4కె నొక్కేస్తారు, బిట్‌రేట్ మాత్రం పాతదే ఉంచేస్తారు. 4కె ఫ్రేమ్‌లో దాదాపు 83 లక్షల చుక్కలు. 1080పీకి నాలుగు రెట్లు. కాలువలో నీళ్లు అంతే ఉండి, ఆయకట్టు నాలుగింతలు చేస్తే ఏమవుతుందో డెల్టా రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. శివారు చేలు ఎండిపోతాయి. వీడియోలోనూ అంతే. చుక్కలు పెరిగాయి, ఒక్కో చుక్కకు అందే బిట్లు తగ్గాయి. ఫైల్ మీద 4కె అని ఉంటుంది, బొమ్మలో ఉండదు.

అందుకే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రిజల్యూషన్, బిట్‌రేట్ రెండూ కలిపి చూడాలి. యూట్యూబ్ సూచనల ప్రకారం మామూలు వీడియోకు, అంటే హెచ్‌డీఆర్ కానిదానికి, సెకనుకు 30 ఫ్రేముల లోపు అయితే 720పీకి 5, 1080పీకి 8, 1440పీకి 16, 4కెకి 35 నుంచి 45 మెగాబిట్లు ఉండాలి. 50 లేదా 60 ఫ్రేములైతే 1080పీకి 12, 4కెకి 53 నుంచి 68. ఇవి కనీసానికి దగ్గర లెక్కలే. మీరు పంపినదాన్ని యూట్యూబ్ ఎలాగూ మళ్లీ కుదిస్తుంది. కాబట్టి నీళ్లు, చేలు, తలంబ్రాలు ఉన్న వీడియో అయితే 1080పీకి 12 నుంచి 16 మెగాబిట్ల దాకా ఇవ్వడం మేలు. మనిషి కూర్చుని మాట్లాడే వీడియోకు 8 చాలు. అన్నింటికీ ఒకే సెట్టింగ్ పెట్టుకుని కూర్చోవద్దు.

ఫార్మాట్ విషయంలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఎంపీ4 ఫైల్, హెచ్.264 కోడెక్, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్. హెచ్.265 అయితే అదే క్వాలిటీకి ఫైల్ చిన్నదవుతుంది, యూట్యూబ్ కూడా తీసుకుంటుంది. కానీ కస్టమర్‌కి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేది మాత్రం హెచ్.264లోనే ఇవ్వండి. వాళ్లింట్లో పాత టీవీ ఉంటే హెచ్.265 ఫైల్‌కి శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు. పెళ్లివారి ముందు ఆ పరిస్థితి ఎవరికీ వద్దు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'వీబీఆర్ టూ పాస్' అని ఆప్షన్ కనిపిస్తే అది పెట్టండి. వీడియో మొత్తాన్ని ముందు ఒకసారి చూసుకుని, కదలిక లేని చోట మిగిల్చిన బిట్లను తలంబ్రాల చోట ఖర్చుపెడుతుంది. రెండరింగ్‌కి టైమ్ ఎక్కువ పడుతుంది, అయినా పెట్టొచ్చు. ఫోన్‌లో ఇన్‌షాట్, కైన్‌మాస్టర్, వీఎన్ లాంటి యాప్‌లు వాడేవాళ్లు 'సేవ్' నొక్కే ముందు రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్ ఏమున్నాయో ఒక్కసారి చూసుకోండి. బిట్‌రేట్ స్లైడర్ ఉంటే పైకి జరపండి.

ఫైల్ ఎంతవుతుంది, ఎక్కడానికి ఎంతసేపు?

8 మెగాబిట్లు అంటే ఒక మెగాబైట్. అంటే 8 మెగాబిట్ల వీడియో సెకనుకు ఒక ఎంబీ, నిమిషానికి 60 ఎంబీ, 10 నిమిషాలకు 600 ఎంబీ. మీ నెట్ అప్‌లోడ్ స్పీడ్ 2 మెగాబిట్లు ఉంటే అది ఎక్కడానికి 40 నిమిషాలు. అదే 10 నిమిషాల వీడియోను 45 మెగాబిట్ల 4కెలో తీస్తే ఫైల్ 3.4 జీబీ దాకా వస్తుంది. అదే నెట్ మీద మూడు గంటల ముప్పావు. ఇక్కడ చూడాల్సింది డౌన్‌లోడ్ స్పీడ్ కాదు, అప్‌లోడ్ స్పీడ్. మొబైల్ నెట్‌లో రెండింటికీ చాలా తేడా ఉంటుంది. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు కింద కనిపించే రెండో అంకెను చాలామంది పట్టించుకోరు.

పండగ రోజు రాత్రి ఊరంతా ఒకే టవర్ మీద ఉన్నప్పుడు అప్‌లోడ్ కొట్టి 'ఎక్కట్లేదు' అని ఫైల్‌ను చిన్నది చేసేయడం మరో పొరపాటు. తెల్లవారుజామున పెట్టండి, ఎక్కుతుంది. ఒకసారి చిన్నది చేసి ఎక్కించాక ఆ లింక్ మీద ఫైల్ మార్చడానికి యూట్యూబ్‌లో కుదరదు. తీసేసి కొత్తగా పెట్టాల్సిందే. వచ్చిన వ్యూస్, కామెంట్లు అన్నీ పోతాయి.

వాట్సాప్‌లో పంపొచ్చు.. కానీ ఇలా

వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే దాదాపు 480పీ స్థాయికి దిగిపోతుంది. 20 లక్షల చుక్కల ఫ్రేమ్ 4 లక్షలకు పడిపోతుందన్నమాట. 2023 ఆగస్టులో హెచ్‌డీ ఆప్షన్ తెచ్చారు. అది నొక్కినా 720పీనే. చూసుకోవడానికి సరే, మిక్సింగ్‌కి పనికిరాదు.

దీనికి విరుగుడు చాలా సులువు. అదే వాట్సాప్‌లో అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు 'డాక్యుమెంట్' ఎంచుకుని వీడియో ఫైల్ పంపండి. 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. టెలిగ్రామ్‌లో అయితే 'ఫైల్' గా పంపాలి. ఒకే గదిలో ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్, ఐఫోన్ల మధ్య ఎయిర్‌డ్రాప్. నెట్ ఖర్చు కూడా ఉండదు. కేబుల్ ఉంటే ఇంకా మంచిది.

గూగుల్ డ్రైవ్ లింక్ ఇచ్చినప్పుడు ఒక తకరారు ఎదురవుతుంది. అవతలివాళ్లు లింక్ నొక్కి అక్కడికక్కడే ప్లే చేస్తారు. డ్రైవ్ ప్లేయర్ చూపించేది కుదించిన కాపీ. 'మీరిచ్చింది క్లారిటీ లేదండీ' అని ఫోన్ వస్తుంది. 'డౌన్‌లోడ్ చేసుకుని చూడండి' అని లింక్‌తో పాటే ఒక ముక్క రాసేస్తే సగం గొడవ తగ్గుతుంది.

తీసేటప్పుడే జాగ్రత్త పడాల్సినవి

ఎక్స్‌పోర్ట్‌లో ఎంత చేసినా తీసినదాంట్లో లేనిది రాదు. ముందు లెన్స్ తుడవండి. నవ్వొచ్చినా సరే, సీరియల్ లైట్ల చుట్టూ పొగలా వ్యాపించే వెలుగుకు చాలాసార్లు కారణం లెన్స్ మీద వేలిముద్రే.

రాత్రి ఊరేగింపుల్లో ఇంకో రెండు సమస్యలు. మొదటిది గ్రెయిన్. వెలుతురు చాలకపోతే ఫోన్ సెన్సర్ ఐఎస్ఓ పెంచుతుంది, చీకట్లో సన్నటి ఇసుక కదులుతున్నట్టు చుక్కలు వస్తాయి. ఆ చుక్కలు ప్రతి ఫ్రేమ్‌లో కొత్తగా ఉంటాయి కాబట్టి కుదించే సాఫ్ట్‌వేర్ వాటిని కూడా కదలికే అనుకుంటుంది. అమ్మవారి మొహానికి ఖర్చు కావాల్సిన బిట్లు ఈ ఇసుకకు ఖర్చవుతాయి. అందుకే చిన్న ఎల్ఈడీ లైట్ ఒకటి కొనడం, కొత్త ఫోన్ కొనడం కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. అది కుదరకపోతే ఎడిటింగ్‌లో 'నాయిస్ రిడక్షన్' కొంచెం వాడి ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎక్కువ వాడితే మళ్లీ మైనం మొహాలే.

రెండోది లైట్ల మినుకు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంటాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షటర్ స్పీడ్ దాంతో కలవకపోతే పందిరి మీద నల్లటి పట్టీలు పాకుతుంటాయి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షటర్ 1/50 లేదా 1/100 పెట్టండి. ఐఫోన్‌లో వీడియో సెట్టింగ్స్‌లో 'షో పాల్ ఫార్మాట్స్' ఆన్ చేస్తే 25 ఫ్రేముల ఆప్షన్ వస్తుంది. ఈ పట్టీలు ఒకసారి పడ్డాయంటే ఎడిటింగ్‌లో తీయడం తలకు మించిన పని.

ఇక ఫ్రేమ్ రేట్. పెద్ద కెమెరా 25లో, ఫోన్ 30లో, డ్రోన్ 60లో తీసి అన్నీ ఒకే టైమ్‌లైన్ మీద పడేస్తే రథం నడుస్తున్నప్పుడు ఆగి ఆగి ఎగిరినట్టు కనిపిస్తుంది. 25ని 30గా మారిస్తే ప్రతి ఐదో ఫ్రేమ్ రెండుసార్లు వస్తుంది మరి. షూటింగ్‌కి ముందే అందరూ ఒక అంకె అనుకుంటే చాలు. దీన్ని ఎవరూ అనుకోరు, అదే బాధ. ఫోన్లతో మరో చిక్కు ఉంది. వెలుతురును బట్టి అవి ఫ్రేమ్ రేట్‌ను కొద్దికొద్దిగా మార్చుకుంటాయి. దాంతో గంటసేపు వీడియో చివరికి వచ్చేసరికి మేళం శబ్దం ముందు, సన్నాయి ఊదేవాళ్ల చేతులు వెనక. ఇలాంటి క్లిప్‌లను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి, క్వాలిటీ బాగా ఎక్కువ ఉంచి ఒకసారి మార్చుకుని తర్వాత మిక్సింగ్‌కి తీసుకోండి. ఇది అదనపు కుదింపే. అయినా శబ్దం తప్పడం కంటే నయం.

రంగులు వెలిసిపోయినట్టు లేదా తెల్లగా మెరిసిపోతున్నట్టు వస్తున్నాయా? అయితే మీ ఫోన్ హెచ్‌డీఆర్‌లో తీస్తోందేమో చూడండి. ఐఫోన్ 12 నుంచి ఇది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఆ ఫైల్‌ను మామూలు ఎడిటింగ్ యాప్‌లో వేస్తే రంగుల లెక్క తప్పుతుంది. సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి 'హెచ్‌డీఆర్ వీడియో' ఆఫ్ చేస్తే సరి. ఫంక్షన్ వీడియోలకు అదే సుఖం.

ఎర్రచీర, ఎర్ర అక్షరాలు

ఇదొకటి విడిగా చెప్పాలి. కుదించిన వీడియోలో వెలుగునీడల వివరం పూర్తిగా ఉంటుంది కానీ రంగు వివరం నాలుగో వంతే ఉంటుంది. నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు. మన కన్ను రంగు తేడాల కంటే వెలుగు తేడాలను బాగా పట్టుకుంటుంది కాబట్టి సాధారణంగా ఇది తెలియదు. ముదురు ఎరుపు దగ్గర మాత్రం దొరికిపోతుంది. కుంకుమ రంగు చీర అంచు పక్కకు పాకినట్టు ఉండటానికి కారణం ఇదే. నీలం మీద ఎర్ర అక్షరాలతో 'శుభలేఖ' అని వేస్తే అక్షరాల ఒత్తులు చదవడానికే రావు. తెలుగు అక్షరాలకు గుడులు, ఒత్తులు సన్నగా ఉంటాయి కాబట్టి మనకు ఈ బాధ ఇంకా ఎక్కువ. టైటిల్స్ తెలుపులోనో లేత పసుపులోనో, కాస్త పెద్దగా, నల్ల అంచుతో వేయండి. ఎరుపే కావాలని పెళ్లివారు పట్టుబడితే దానికి తెల్లటి అంచు ఇవ్వండి.

అప్‌లోడ్ అయిన వెంటనే కంగారు పడకండి

యూట్యూబ్ వీడియో తీసుకోగానే ముందు తక్కువ క్వాలిటీ కాపీని సిద్ధం చేసి చూపిస్తుంది. హెచ్‌డీ, 4కె కాపీలు తర్వాత వస్తాయి. సెకనుకు 30 ఫ్రేముల 4కె వీడియో గంట నిడివి ఉంటే పూర్తి ప్రాసెసింగ్‌కి 4 గంటల దాకా పట్టొచ్చని యూట్యూబే చెబుతోంది. అప్పటిదాకా 360పీలోనే కనిపిస్తుంది. మనవాళ్లేమో అప్‌లోడ్ అయిన ఐదో నిమిషంలోనే లింక్ గ్రూపుల్లో కొట్టేస్తారు. మొదట చూసినవాళ్లంతా మసక వీడియోనే చూసి, 'ఈసారి బాలేదు' అని తేల్చేస్తారు. ముందు రోజు 'ప్రైవేట్'గానో 'అన్‌లిస్టెడ్'గానో ఎక్కించి, హెచ్‌డీ గుర్తు వచ్చాక పబ్లిక్ చేయండి.

ఎడిటర్లు ఎప్పటినుంచో వాడుతున్న ఉపాయం ఇంకొకటి ఉంది. 1080పీలో తీసిన వీడియోనే 1440పీ లేదా 4కెకి పెంచి, దానికి తగ్గ బిట్‌రేట్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్కించడం. కొత్త వివరం ఏమీ పుట్టదు. కానీ పెద్ద రిజల్యూషన్ ఫైళ్లకు యూట్యూబ్ మెరుగైన కోడెక్, ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది కాబట్టి ఉన్న వివరం కాస్త నిలుస్తుంది. గోదావరి నీళ్లున్న వీడియో ఒకటి రెండు రకాలుగానూ ఎక్కించి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీకే కనిపిస్తుంది. కుర్చీలో కూర్చుని మాట్లాడే వీడియోకు ఈ శ్రమ దండగ.

ఇన్‌స్టాగ్రామ్ దారి వేరు. రీల్‌ని 1080 అడ్డం, 1920 నిలువులో, 30 ఫ్రేముల్లో తయారుచేసుకుని పంపండి. సెట్టింగ్స్‌లో మీడియా క్వాలిటీ దగ్గర 'అప్‌లోడ్ ఎట్ హయ్యెస్ట్ క్వాలిటీ' ఆన్ చేసుకోండి. అయినా ఒక మెలిక ఉంది. ఎక్కువమంది చూసే వీడియోలకు ఎక్కువ క్వాలిటీ, పెట్టిన కొన్నాళ్లకు చూసేవాళ్లు తగ్గిపోతే తక్కువ క్వాలిటీ ఇస్తామని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2024 అక్టోబరులో బయటపెట్టారు. వంద మంది ఫాలోవర్లున్న ఊరి పేజీకి, లక్షల వ్యూస్ వచ్చే సెలబ్రిటీకి ఒకే వరస కాదన్నమాట. దీన్ని మనం మార్చలేం. కాబట్టి ఊరి ఉత్సవం లాంటిది, పదేళ్ల తర్వాత కూడా ఎవరో వెతుక్కుని చూసేది, రీల్‌గా మాత్రమే పెట్టి వదిలేయకండి.

తప్పు చూసేవాళ్ల ఫోన్‌లోనూ ఉండొచ్చు

వీడియో బాగానే ఎక్కినా చూసేవాళ్ల ఫోన్‌లో క్వాలిటీ 'ఆటో'లో ఉంటే నెట్‌ను బట్టి యూట్యూబ్ తగ్గించేస్తుంది. 'డేటా సేవర్' ఆన్‌లో ఉంటే మరీ. ప్లేయర్‌లో సెట్టింగ్స్ గుర్తు నొక్కి, క్వాలిటీలోకి వెళ్లి 1080పీ ఉందో లేదో చూడమనండి. అక్కడ 1080పీ కనిపిస్తుంటే మీ అప్‌లోడ్‌లో తప్పు లేదు. 480పీ దగ్గరే ఆగిపోతే ఫైలే చిన్నది వెళ్లింది. మొదటి ఫిర్యాదు రాగానే చేయాల్సిన పరీక్ష ఇది. అరనిమిషం పని.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నెట్‌వర్క్‌ల మీద భారం తగ్గించడానికి యూట్యూబ్ సహా వీడియో కంపెనీలు మన దేశంలో మొబైల్ నెట్ మీద 480పీకి మించి ఇవ్వకుండా ఆపాయి. ఆ రోజుల్లో ఫోన్లు పాడయ్యాయని సర్వీస్ సెంటర్లకు వెళ్లాలనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వీడియో క్వాలిటీ మన చేతిలో ఉన్నంత వరకు ఒక లెక్క, తర్వాత దారిలో ఉన్నవాళ్లందరి లెక్కా కలుస్తుంది.

లైవ్ పెట్టేవాళ్లకు

పెళ్లి లైవ్ అంటే ఇప్పుడు మామూలైపోయింది. లైవ్‌లో రెండోసారి అవకాశం ఉండదు. అందుకే ఇక్కడ కొంచెం తగ్గి ఉండటమే తెలివి. అప్‌లోడ్ స్పీడ్ ఎంతుందో ఫంక్షన్ జరిగే టైమ్‌కే, జరిగే చోటే చూసుకోండి. అందులో సగానికి మించని బిట్‌రేట్ పెట్టండి. 1080పీలో ఆగి ఆగి వచ్చే లైవ్ కంటే 720పీలో సాఫీగా నడిచేదే నయం. ముహూర్తం వేళకు చక్రం తిరుగుతూ ఉంటే అవతల నానమ్మకి ఏ పీ అయితే ఏం? లైవ్ నడుస్తుండగానే కెమెరాలో మెమరీ కార్డ్ మీద పూర్తి క్వాలిటీలో రికార్డింగ్ జరగాలి. తర్వాత యూట్యూబ్‌లో ఉంచాల్సింది ఆ రికార్డింగ్‌నే. చాలామంది లైవ్ కాపీనే వదిలేస్తున్నారు.

పాత పెళ్లి క్యాసెట్లు ఎక్కిస్తున్నారా?

వీహెచ్ఎస్ క్యాసెట్లు, డీవీడీలు బీరువాల్లోంచి తీసి డిజిటల్ చేయిస్తున్న ఇళ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. మన దగ్గర అవన్నీ పాల్ పద్ధతిలో ఉంటాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించాక 720 అడ్డం, 576 నిలువు, సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమ్‌లో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు మరో క్షణానివి. పాత టీవీల్లో బాగుండేది. అదే ఫైల్ యథాతథంగా యూట్యూబ్‌లో పెడితే, చెయ్యి కదిలినప్పుడల్లా అంచుల వెంబడి దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో 'డీఇంటర్లేస్' ఆన్ చేసి 'బాబ్' ఎంచుకుంటే ఆ గీతలు పోయి, సెకనుకు 50 ఫ్రేములుగా కదలిక సాఫీగా వస్తుంది. తర్వాత పైన చెప్పినట్టు 1440పీకి పెంచి ఎక్కించండి.

ఇంకో మాట. ఆ బొమ్మ 4:3 ఆకారంలో ఉంటుంది. స్క్రీన్ నిండాలని అడ్డంగా సాగదీస్తే మీ అమ్మానాన్నలు పొట్టిగా, లావుగా తేలతారు. పక్కన నల్లటి పట్టీలు ఉంటే ఉండనివ్వండి. క్యాసెట్ టేపు బూజు పట్టి ఉంటే ఇంట్లో పాత ప్లేయర్‌లో వేయకండి, టేపు తెగిపోవచ్చు. డిజిటల్ చేసేవాళ్లకే ఇవ్వండి. చేయించినప్పుడు కుదించిన చిన్న ఎంపీ4 ఒక్కటే కాకుండా వాళ్లు ఎక్కించుకున్న పెద్ద ఫైల్ కూడా హార్డ్ డిస్క్‌లో అడిగి తీసుకోండి. అడిగితేనే ఇస్తారు.

ఒరిజినల్ డిలీట్ చేసే ముందు..

మసక వీడియో కంటే పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది. 'గ్రూప్‌లో పెట్టేశాం కదా', 'యూట్యూబ్‌లో ఉంది కదా' అని ఫోన్ ఖాళీ చేయడానికి ఒరిజినల్ తీసేస్తారు. గ్రూప్‌లో ఉన్నది 480పీ. యూట్యూబ్ స్టూడియోలో మీ వీడియోను మీరే డౌన్‌లోడ్ కొట్టినా వచ్చేది 720పీ లేదా 360పీ కాపీ. మీరు పంపిన 4కె అక్కడి నుంచి తిరిగి రాదు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ 'స్టోరేజ్ సేవర్'లో ఉంటే అక్కడా 4కె వీడియో 1080పీకి దిగిపోతుంది. 'ఒరిజినల్ క్వాలిటీ' పెట్టుకుంటే ఉన్నది ఉన్నట్టు దాచుతుంది, కాకపోతే ఉచితంగా ఇచ్చే 15 జీబీ త్వరగా నిండుతుంది. 12 మెగాబిట్ల వీడియో అయితే అందులో పట్టేది దాదాపు రెండు గంటల ముప్పావు.. ఒక పెళ్లి కూడా పూర్తిగా పట్టదు.

కాబట్టి మిక్సింగ్ స్టూడియోకి బ్యాలెన్స్ డబ్బు ఇచ్చే రోజునే రా ఫుటేజ్‌తో పాటు ఫైనల్ ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ను మీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయించుకోండి. స్టూడియోలు కార్డులు ఖాళీ చేసి మరో పెళ్లికి వాడతాయి, అది వాళ్ల పని పద్ధతి. మెమరీ కార్డ్ నుంచి కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు మధ్యలో ప్లే చేసి చూడండి, తలంబ్రాల దగ్గర తప్పకుండా. రెండో కాపీ ఇంకొకరి ఇంట్లో ఉంచండి. పిల్లలు అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడు లింక్ పంపే బదులు ఆ డిస్క్ ఇచ్చి పంపించండి.